సెలవు రోజు ఎక్కడికి వెళ్దాం? అది చిన్న ప్రశ్న కాదు

ఏప్రిల్ 14 దగ్గర పడుతోందంటే హాస్టళ్లలో, బస్తీల్లో రెండు రకాల మాటలు వినిపిస్తాయి. ఊరేగింపు ఎన్ని గంటలకు, పూలదండ ఎవరు తెస్తున్నారు, డప్పు బృందం ఖాయమైందా అన్నవి మొదటి రకం. రెండోది కాస్త గొంతు తగ్గించి అడిగేది: దండ వేశాక ఎక్కడికి వెళ్దాం? పిల్లలు జూ అంటారు. కుర్రాళ్లు సినిమా అంటారు. పొద్దున్నే లేచి అందరికీ వండిపెట్టిన ఆడవాళ్లు కాసేపు నీడలో కూర్చునే చోటు ఉంటే చాలంటారు. మొదటి మాటను ఉద్యమం అనుకుంటాం, రెండోదాన్ని షికారు అనుకుంటాం. ఆ రెండో ప్రశ్న కూడా ఉద్యమ ప్రశ్నేనని చెప్పడానికే ఈ వ్యాసం. పండగ రద్దీలో నగరంలో ఎక్కడికి వెళ్లాలి, ఎక్కడ కూర్చోవాలి, ఏం తినాలి అని ఎంచుకోవడం వెనక ఒక చరిత్ర ఉంది, ఒక చట్టం ఉంది. హైదరాబాద్‌ను ఉదాహరణగా తీసుకుని ఆ రెండూ చూద్దాం.

సెలవు ఎక్కడి నుంచి వచ్చింది?

వెట్టికి సెలవు లేదు. ఊళ్లో చావు కబురు మోసేవాడికి, పశువు కళేబరం తీసేవాడికి, దొర పిలిస్తే పోవాల్సినవాడికి ఆదివారం అంటూ ఏమీ లేదు. ‘ఈ రోజు నాది, నా ఇష్టం’ అని చెప్పుకోగలగడం మన తాతముత్తాతలకు తెలియని అనుభవం.

1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖను చూసింది బాబాసాహెబ్ అంబేద్కర్. ఫ్యాక్టరీ కార్మికులకు జీతంతో కూడిన సెలవులు ఇవ్వాలన్న సవరణ బిల్లును సభలో పెట్టింది ఆయనే. అది 1945లో చట్టమైంది. 1946లో వచ్చిన సవరణ వారానికి 54 గంటల పనిని 48 గంటలకు తగ్గించింది. అంబేద్కర్ జయంతి నాడు సెలవు తీసుకుంటున్న ప్రతి ఉద్యోగీ, అతనిది ఏ కులమైనా, ఆయన పోరాడిన విషయాన్నే అనుభవిస్తున్నాడు. కార్మికుడికి విశ్రాంతి దయ కాదు, హక్కు అన్నది ఆయన రాజకీయాల్లో భాగం. విశ్రాంతి హక్కయితే, ఆ విశ్రాంతి గడిపే చోటు కూడా హక్కే అవుతుంది.

షికారుకు వెళ్తే ఏం జరిగింది?

1934లో బాబాసాహెబ్, ఉద్యమంలో ఆయనతో పనిచేసే సుమారు 30 మంది కలిసి ఎల్లోరా గుహలు చూడటానికి బయల్దేరారు. సభ కాదు, సత్యాగ్రహం కాదు. చూసొద్దామని వెళ్లారు, అంతే. దారిలో దౌలతాబాద్ కోట ఉంది. అది అప్పట్లో నిజాం రాజ్యంలో, అంటే హైదరాబాద్ సంస్థానంలో భాగం. దుమ్ము కొట్టుకుపోయి ఉన్నారు కనుక కోట వాకిట్లో ఉన్న నీటి తొట్టెలో ముఖాలూ కాళ్లూ కడుక్కున్నారు. కాసేపటికి ఒక వృద్ధుడు అరుస్తూ వచ్చాడు, అంటరానివాళ్లు నీటిని మైల చేశారని. జనం పోగయ్యారు. అది రంజాన్ నెల, అరిచినవాళ్లు ముస్లింలు. చివరికి కోట లోపల ఎక్కడా నీళ్లు ముట్టుకోకూడదన్న షరతు మీద, సాయుధుడైన ఒక కాపలాదారును వెంట పంపి లోపలికి వదిలారు. ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’ అనే ఆత్మకథా రచనలో బాబాసాహెబ్ ఈ సంఘటన రాశారు. హిందువుకు అంటరానివాడు మిగతా మతాలవాళ్లకూ అంటరానివాడే అవుతున్నాడని చూపడానికి ఆయన దీన్ని చెప్పారు. విదేశాల్లో చదివిన డాక్టరేట్లు, బారిస్టర్ పట్టా, రౌండ్ టేబుల్ సమావేశాల్లో కూర్చున్న చరిత్ర, ఇవేవీ ఆ నీటి దగ్గర పనికిరాలేదు.

1991లో గుంటూరు జిల్లా చుండూరు. సినిమా హాల్లో ఒక దళిత యువకుడి కాలు రెడ్డి కులస్తుడికి తగిలిందన్న దగ్గర గొడవ మొదలైంది. చదువుకున్న దళిత కుర్రాళ్లు తమ పక్కన, తమ ముందు, తమతో సమానంగా టికెట్ కొని కూర్చోవడమే ఆధిపత్య కులాలకు కంటగింపు అయింది. సాంఘిక బహిష్కరణ పెట్టారు. ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపి కాలువలో పడేశారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు నిందితులందరినీ విడుదల చేసింది. కారంచేడుకు మంచినీళ్ల చెరువు కారణమైతే, చుండూరుకు సినిమా హాలు కారణమైంది. చెరువు అవసరం, సినిమా సరదా అని మనం విడదీసి చూస్తాం. కులం అలా చూడదు.

2015 చివర్లో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం ఐదుగురు దళిత పరిశోధక విద్యార్థుల మీద ఆంక్షలు పెట్టింది. హాస్టళ్లలోకి, పరిపాలనా భవనంలోకి, ఇతర ఉమ్మడి స్థలాల్లోకి గుంపుగా రాకూడదన్నది అందులో ఉంది. వాళ్లు క్యాంపస్‌లోని దుకాణాల సముదాయం దగ్గర డేరా వేసి, దానికి ‘వెలివాడ’ అని పేరు పెట్టారు. 2016 జనవరి 17న రోహిత్ వేముల మనకు లేకుండా పోయాడు. ఉమ్మడి స్థలంలో నలుగురు కలిసి కూర్చోవద్దనడం వెలి వేయడమేనని ఆ డేరా పేరే చెప్పింది.

కోట, సినిమా హాలు, క్యాంపస్ కూడలి. మూడు కాలాలు, మూడు చోట్లు. మూడింటిలోనూ అభ్యంతరం ఒక్కటే: వీళ్లు ఇక్కడ, ఇంత తీరిగ్గా, మాతో సమానంగా ఎందుకున్నారు?

15(2) ఏం చెబుతోంది?

రాజ్యాంగంలో ఆర్టికల్ 15 అనగానే మనకు రిజర్వేషన్లకు ఆధారమైన 15(4) గుర్తొస్తుంది. దానికి ముందున్న 15(2)ను నిదానంగా చదవండి. దుకాణాలు, హోటళ్లు, భోజనశాలలు, వినోద స్థలాలు. బావులు, చెరువులు, స్నాన ఘట్టాలు, రోడ్లు, ప్రభుత్వ నిధులతో నడిచేవీ ప్రజల కోసం కేటాయించినవీ అయిన విహార స్థలాలు. వీటిలో దేనిలోకి వెళ్లడానికైనా, దేన్ని వాడుకోవడానికైనా కులం, మతం, జాతి, లింగం, పుట్టిన చోటు అడ్డు కారాదు. ఒక సెలవు రోజు మనిషి వెళ్లే చోట్లన్నీ ఈ జాబితాలో ఉన్నాయి.

ఇంకో విశేషం ఉంది. ప్రాథమిక హక్కులు చాలావరకు ప్రభుత్వాన్ని కట్టడి చేసేవి. 15(2) మాత్రం ప్రైవేటు హోటల్ యజమానినీ, సినిమా హాలు యజమానినీ కూడా కట్టడి చేస్తుంది. 1948 నవంబర్ 29న రాజ్యాంగ సభలో ఈ అధికరణం చర్చకు వచ్చినప్పుడు, ‘షాపు’ అన్న మాటను విశాలమైన అర్థంలో వాడామని అంబేద్కర్ వివరించారు. డబ్బు తీసుకుని సేవ అందించే ఏ చోటైనా అందులోకి వస్తుంది.

దీని వెనక మహాడ్ ఉంది. ప్రభుత్వ నిధులతో నడిచే చెరువులు, బావులు అందరికీ తెరవాలని బొంబాయి శాసన మండలి 1923లోనే తీర్మానించింది. మహాడ్ పురపాలక సంఘం 1924లో చవదార్ చెరువు తెరుస్తున్నామంది. కానీ 1927 మార్చి 20న బాబాసాహెబ్ నడిచి వెళ్లి నీళ్లు ముట్టుకునేదాకా ఆ తీర్మానం కాగితం మీదే ఉంది. కోర్టులో గెలవడానికి 1937 దాకా పట్టింది. హక్కు కాగితం మీద రాసి ఉండటం వేరు, దాన్ని వాడుకోవడం వేరు. వాడని దారి మీద ముళ్లకంప పెరుగుతుంది.

నగరం గేట్లు ఎక్కడ పెట్టింది?

ఊరు కులాల గుంట అని, అక్కడి నుంచి బయటపడమని బాబాసాహెబ్ చెప్పారు. ఊళ్లో మన పేరు కన్నా ముందు మన కులం నడుస్తుంది. నగరంలో టికెట్ కొన్నవాడు ప్రేక్షకుడు, బస్సెక్కినవాడు ప్రయాణికుడు. ఈ తేడా చిన్నది కాదు. అందుకే మన పెద్దలు నగరాలకు వచ్చారు.

అయితే నగరం కులాన్ని తీసేయలేదు, రూపం మార్చింది. బోర్డు పెట్టి ఆపేవాళ్లు లేరు. బదులుగా పార్కింగ్ రుసుము ఉంది, సెక్యూరిటీ గార్డు చూపు ఉంది, బస్సు వెళ్లని చోట కట్టిన మాల్ ఉంది. ‘ఇంటిపేరేంటి?’, ‘ఏ ఊరు? ఊళ్లో ఎటువైపు?’ అన్న ప్రశ్నలున్నాయి. నాతో చదివిన ఒక మిత్రుడు ఎక్కడైనా పేరు రాయాల్సి వస్తే ఇంటిపేరు వదిలేస్తాడు. ఎవరూ అతణ్ని ఆపలేదు. ఆపుతారేమోనన్న జాగ్రత్త మాత్రం అతనితోపాటు తిరుగుతుంది.

రద్దీ విషయంలోనూ రెండు కొలతలున్నాయి. వినాయక నిమజ్జనానికి నగరమంతా దారులు మళ్లిస్తారు. దాన్ని ఏర్పాట్లు అంటారు. ఏప్రిల్ 14న ట్యాంక్‌బండ్ వైపు నీలి జెండాలతో జనం నడిస్తే ట్రాఫిక్ ఇబ్బంది అంటారు. డిసెంబర్ 6న ముంబయి దాదర్‌లోని చైత్యభూమికి లక్షల మంది వస్తారు. శివాజీ పార్కులో పుస్తకాల దుకాణాలు వెలుస్తాయి, రాత్రంతా జనం అక్కడే ఉంటారు. వాళ్లు కొన్న పుస్తకాల గురించి కన్నా వాళ్లు వదిలిన చెత్త గురించే ఎక్కువ మాట్లాడేవాళ్లు ప్రతి ఏడాదీ ఉంటారు. మన గుంపు కనిపించడమే కొందరికి ఇబ్బంది. కనుక రద్దీ రోజున వెళ్లడం మానుకోవడం దీనికి పరిష్కారం కాదు.

ఎంచుకునేటప్పుడు ఏం చూడాలి?

మొదటిది, ఖర్చు లేకుండా కూర్చునే వీలు. హుస్సేన్‌సాగర్ గట్టుకు టికెట్ లేదు. ట్యాంక్‌బండ్ మీది అంబేద్కర్ విగ్రహం దశాబ్దాలుగా మన కూడలి. సచివాలయం పక్కన 2023 ఏప్రిల్ 14న ఆవిష్కరించిన 125 అడుగుల విగ్రహం కూడా అక్కడికి దగ్గరే. లక్డీకాపూల్‌లో లేదా ఖైరతాబాద్‌లో మెట్రో దిగి నడవొచ్చు. ఏప్రిల్ ఎండలో మధ్యాహ్నం గట్టు మీద నీడ దొరకదు. పిల్లలు, పెద్దవాళ్లు ఉంటే దండ కార్యక్రమం పొద్దున్నే ముగించి, మధ్యాహ్నం చెట్ల కిందికి మారి, సాయంత్రం మళ్లీ నీటి ఒడ్డుకు రావడం మేలు. చెట్లకైతే నాంపల్లిలోని పబ్లిక్ గార్డెన్స్ ఉంది. దాని పాత పేరు బాగ్-ఎ-ఆమ్, అంటే సామాన్య జనం తోట. అసెంబ్లీ మెట్రో స్టేషన్ పక్కనే. లోపలున్న రాష్ట్ర మ్యూజియంలో బౌద్ధ శిల్పాలు, అజంతా చిత్రాల ప్రతులు చూడొచ్చు.

రెండోది, ఆ చోటు మనకు ఏం చెబుతుందన్నది. హుస్సేన్‌సాగర్ మధ్యలోని బుద్ధ విగ్రహాన్ని ఫొటోలో అందరూ పెట్టుకుంటారు. 1990లో ఆ ఏకశిలను నీటి మీద తరలిస్తుండగా పడవ బోల్తా పడి పనివాళ్లు చనిపోయారని, విగ్రహం రెండేళ్లకు పైగా నీటి అడుగునే ఉందని, 1992లో పైకి తీసి నిలబెట్టారని పిల్లలకు చెప్పండి. చాదర్‌ఘాట్, ఈసామియా బజార్ వైపు వెళ్తే భాగ్యరెడ్డి వర్మ నడిచిన వీధులు అవి. 1906లో జగన్మిత్ర మండలి పెట్టి, మన పిల్లలకు బడులు నడిపి, 1917లో విజయవాడ సభలో ‘పంచములు’ అన్న మాటను తోసిపుచ్చి ‘ఆది ఆంధ్రులు’ అనిపించిన మనిషి ఆయన. చార్మినార్ చూసి ఇంటికొచ్చే కుటుంబం ఆ వీధుల మీదుగా కూడా రావొచ్చు. గోల్కొండ కోట ఎక్కితే, అక్కడ దౌలతాబాద్ కథ చెప్పండి. అప్పటి ఆ కోటా, ఈ కోటా ఇప్పుడు కేంద్ర పురావస్తు శాఖ కిందే ఉన్నాయి. 15 ఏళ్లలోపు పిల్లలకు టికెట్ అక్కర్లేదు.

మూడోది, తిండి. ఏం తింటున్నామో గొంతు తగ్గించకుండా అడగగలిగే చోటు మంచి చోటు. పెద్ద కూర బిర్యానీని ఈ నగరంలో కల్యాణి బిర్యానీ అంటారు. తక్కువ ధరకు కడుపు నిండే తిండి అది. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియా విద్యార్థులు బీఫ్ ఫెస్టివల్ పెట్టింది, గొడవలు జరిగినా నిలబడింది, తిండిని దాచుకోవాల్సిన అవసరం లేదని చెప్పడానికే. అలాగని అందరూ అదే తినాలని కాదు. ఎవరి కంచం వాళ్లది అన్న చోటుకు వెళ్లాలని.

నాలుగోది, ఆడవాళ్లు. తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి ఆర్టీసీ సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు, ట్రాన్స్‌జెండర్లకు ప్రయాణం ఉచితం. గుర్తింపు కార్డు చూపించి జీరో టికెట్ తీసుకోవాలి. ఛార్జీలు లెక్కేసుకుని ఇంట్లోనే ఆగిపోయే తల్లి ఇప్పుడు ఆగనక్కర్లేదు. అయితే బస్సు ఉచితమైతే సరిపోదు. వెళ్లే చోట మంచినీళ్లు, శుభ్రమైన మరుగుదొడ్డి, చీకటి పడ్డాక తిరిగొచ్చే బస్సు ఉన్నాయా అన్నది ముందే కనుక్కోవాలి. చోటు ఎంచుకునే మాట మగవాళ్లే మాట్లాడుకుంటే ఈ మూడూ మర్చిపోతారు.

చివరిది మామూలు జాగ్రత్త. జూ పార్కుకు సోమవారం, సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం సెలవు. పెద్ద గుంపుతో వెళ్తుంటే తప్పిపోయినవాళ్లు కలుసుకునే చోటు ముందే అనుకోవాలి. పిల్లల జేబులో ఫోన్ నంబరు రాసిపెట్టాలి.

సెలవు లేనివాళ్లు

మనం ట్యాంక్‌బండ్ మీద కూర్చున్నప్పుడు అక్కడ ఊడుస్తున్న అమ్మ ఎవరు? ఆ రోజు రాత్రి చెత్త ఎత్తేది ఎవరు? మాల్ మరుగుదొడ్డి కడిగేది ఎవరు? చాలామంది మనవాళ్లే, చాలామంది కాంట్రాక్టు మీద ఉన్నవాళ్లే. ఊరి జనానికి పండగంటే వాళ్లకు రెట్టింపు చాకిరి. జనవరి 26, మే 1, ఆగస్టు 15 లాంటి సెలవులను జీతంతో ఇవ్వాలని, పని చేయిస్తే రెట్టింపు వేతనమో, బదులు సెలవో ఇవ్వాలని చెప్పే చట్టం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1974లోనే వచ్చింది. కాంట్రాక్టరు పుస్తకంలో అది కనిపించదు.

విద్యార్థి సంఘాలకు ఇక్కడ ఒక పని ఉంది. జయంతి కార్యక్రమాన్ని పారిశుద్ధ్య కార్మికుల షిఫ్టు ముగిసే వేళకు జరపండి. మీరు వాడిన చోటు మీరే శుభ్రం చేసి రండి. సెలవు రోజు పనికి వాళ్లకు ఎంత ఇస్తున్నారో అడిగి రాసుకోండి. బాబాసాహెబ్ తెచ్చిన సెలవు ఆయన సొంత జనానికే అందకపోతే మన దండకు అర్థమేముంది?

ఎవరైనా ఆపితే?

కులం కారణంగా దుకాణంలోకి, వినోద స్థలంలోకి, ఏ బహిరంగ ప్రదేశంలోకైనా రానివ్వకపోవడం ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చిన సవరణతో సెక్షన్ 3(1)(జెడ్ఎ)లో ఇది స్పష్టంగా చేరింది. ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా శిక్ష ఉంది. 1955 నాటి పౌర హక్కుల రక్షణ చట్టం కూడా వర్తిస్తుంది. ఆ చట్టం సెక్షన్ 12 ప్రకారం, ఎస్సీ వ్యక్తి విషయంలో నేరం జరిగితే అది అంటరానితనం వల్లే జరిగిందని కోర్టు భావించాలి. కాదని నిరూపించుకోవాల్సింది అవతలివాడే.

నగరంలో ఒక చిక్కు ఉంది. ఆపినవాడు మనకు అపరిచితుడు. ‘వాళ్ల కులమేంటో నాకు తెలియదు’ అంటాడు. అందుకే అతను అన్న మాటలు అన్నట్టుగా వెంటనే రాసుకోవాలి. సమయం, చోటు, గార్డు పేరు బ్యాడ్జీ, పక్కనున్న సాక్షులు, టికెట్, వీడియో అన్నీ దాచుకోవాలి. సీసీటీవీ దృశ్యాలు భద్రపరచమని పోలీసులకు ఇచ్చే ఫిర్యాదులోనే రాయాలి. ఏ స్టేషన్ పరిధి అని తిప్పితే జీరో ఎఫ్ఐఆర్ అడగండి. ఏ స్టేషన్లోనైనా నమోదు చేయాలి. ఎఫ్ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ అక్కర్లేదని 2018 సవరణ, సెక్షన్ 18ఎ, చెబుతోంది. దర్యాప్తు చేయాల్సింది డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి. జాతీయ హెల్ప్‌లైన్ 14566కు ఉచితంగా ఫోన్ చేయొచ్చు. కులం ప్రస్తావన లేకుండా కేవలం టికెట్ లేదని, వేళ అయిపోయిందని ఆపితే అది ఈ చట్టాల కిందికి రాదు. ఆ తేడా కూడా తెలిసి ఉంటే కేసు నిలబడుతుంది.

ఈసారి సెలవుకు మీ బస్తీలో, హాస్టల్లో జాబితా రాసేటప్పుడు ఊరేగింపు పక్కన ఇంకో గీత గీసి, అందరూ కలిసి వెళ్లే చోటు కూడా రాయండి. ఇంతకు ముందు మనవాళ్లెవరూ అడుగుపెట్టని చోటు ఒకటి అందులో ఉండాలి. అమ్మానాన్నలను తీసుకెళ్లండి. వెనక బెంచీ వెతుక్కోకుండా మధ్యలో కూర్చోండి.